ఖాళీలో కొండలూ కనుమలూ

అంతరిక్షం అంటే ఖాళీ. ఖాళీలో ఎటు వెళ్లినా ఒకటే. మరి అంతరిక్షం ఆటలకి పటం ఎందుకు? గరివిడి, చీపురుపల్లి వైపు బడుల్లో సైన్సు కబుర్లు చెప్పడానికి వెళ్లినప్పుడల్లా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తుంది. అడిగేవాళ్లు ఫోన్లో స్ట్రాటజీ గేములు ఆడే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. "మేస్టారూ, నీహారికలోకి దూరిపోతే నౌక ఎవలికీ కనబడదట, నిజమేనా?" అని ఒకరు. "గ్రహశకలాల మధ్యకెళితే రాళ్లు గుద్దీసి పేలిపోతాదండి" అని ఇంకొకరు. ఆటలో చూసింది నిజమో కాదో తేల్చుకోవాలన్న పట్టుదల వాళ్లది. అది గౌరవించాల్సిన పట్టుదల. అందుకే ఈ అధ్యాయం వాళ్ల ప్రశ్న చుట్టూ నడుస్తుంది.

వ్యూహంతో ఆడే ఆటకి ప్రాణం పటంలోనే ఉంటుంది. ఏరు వస్తే సైన్యం ఆగాలి. కొండ మీద ఉన్నవాడికి ఎక్కువ దూరం కనబడాలి. అడవిలో దాక్కోవడానికి వీలుండాలి. పటమంతా బల్లపరుపుగా ఉంటే బలగం ఎక్కువున్నవాడే గెలుస్తాడు, బుర్రకి పని ఉండదు. అందుకే అంతరిక్షం ఆటలు తయారుచేసేవాళ్లు అడవులూ ఊబులూ ఉండాల్సిన చోట నీహారికలు, గ్రహశకలాల గుంపులు, కృష్ణబిలాలు పెట్టారు. 1993లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ ఆటలో నీహారికలోకి వెళ్లిన నౌకలు నెమ్మదిస్తాయి, వాటి రక్షణ కవచాలు పనిచెయ్యవు. 2016లో వచ్చిన స్టెల్లారిస్‌లో పల్సార్ దగ్గర కవచాలు పోతాయి, న్యూట్రాన్ తార దగ్గర వేగం తగ్గుతుంది. ఆటగా ఇవన్నీ రక్తి కడతాయి. నిజం అంతరిక్షంలో నౌకకి దారి మళ్లించుకోవాల్సినంత అడ్డు ఏది, అందిపుచ్చుకోదగ్గ సాయం ఏది అన్నది వేరే లెక్క. ఆ లెక్క తెలిస్తే ఆట ఇంకా రక్తి కడుతుందని నా నమ్మకం.

కంటికి ఆనే వింతలు

ముందు రాళ్ల సంగతి. కుజుడికీ గురుడికీ మధ్య గ్రహశకలాల పట్టీ ఉంది. అందులో లక్షల రాళ్లున్న మాట నిజమే. వాటిలో పెద్దదైన సెరెస్ అడ్డుకొలత సుమారు 940 కిలోమీటర్లు. కాని పట్టీలో ఉన్నదంతా ఒకచోట పోగేసినా మన చంద్రుడి ద్రవ్యరాశిలో 3 శాతం దగ్గరే ఆగుతుంది. ఆ కాస్త సరుకూ చెప్పలేనంత పెద్ద చోట చెల్లాచెదురుగా ఉంది. కిలోమీటరు పైబడిన ఒక రాయి మీద నిలబడితే అలాంటి ఇంకో రాయి సగటున 10 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అది భూమికీ చంద్రుడికీ మధ్య దూరానికి రెండున్నర రెట్లు. పయనీర్ 10 నౌక 1972 జులైలో ఈ పట్టీలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు శాస్త్రవేత్తలకీ కొంత బెంగ ఉండేది. 1973 ఫిబ్రవరికి అది చెక్కుచెదరకుండా అవతలికి చేరింది. ఆ తరవాత వెళ్లిన ఏ నౌకా అక్కడ రాయి తగిలి పోలేదు. అసలు కష్టమంతా ఒక రాయి దగ్గరికి గురిగా చేరడంలోనే ఉంది.

కాబట్టి ఆటపటం మీద గ్రహశకలాన్ని అడ్డుగోడగా గీస్తే తప్పు. దాన్ని గనిగా గీయవచ్చు. గరివిడి వాళ్లకి గని సంగతి వేరే చెప్పక్కర్లేదు. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో ఈ విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. ఇక్కడి కోడూరు పేరు మీదే ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక రకం రాతికి కోడురైట్ అని పేరు పెట్టాడు. గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వెలిసిందీ ఈ ఖనిజం చేరువలో దొరికే చోటు కావడం వల్లే. ఖనిజం ఎంత మంచిదైనా దాన్ని మోసుకెళ్లే ఖర్చే లాభనష్టాలు తేలుస్తుంది. అంతరిక్షంలో ఈ మోత ఖర్చు ఎంతో చూడండి. భూమి కక్ష్యకి దగ్గరగా తిరిగే బెన్ను అనే గ్రహశకలం నుంచి మట్టి తేవడానికి ఒసైరిస్-రెక్స్ నౌక 2016 సెప్టెంబరు 8న బయల్దేరింది. సరుకు భూమికి చేరింది 2023 సెప్టెంబరు 24న. వచ్చింది 121.6 గ్రాములు. శాస్త్రానికి అది వెలకట్టలేని మట్టి. ఆటలో మాత్రం గ్రహశకలం గడి తాకగానే బంగారం కురిపించేవాళ్లు ఈ ఏడేళ్ల ప్రయాణాన్ని కూడా లెక్కలో వెయ్యాలి.

ఇక నీహారిక. ఓరియన్ అనే నక్షత్రరాశిలో వేటగాడి నడుముకి వరసగా మూడు చుక్కలుంటాయి. శీతాకాలం రాత్రుళ్లు వాటి కింద మసకగా ఒక మరక కనిపిస్తుంది. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నీహారిక అది. ఫొటోల్లో దట్టమైన మబ్బులా ఉంటుంది. మనం పీల్చే గాలిలో ఒక ఘనపు సెంటీమీటరుకి 25 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని అణువులుంటాయి. ఆ నీహారికలో అంతే చోటుకి ఉండేవి వేలల్లోనే. ప్రయోగశాలల్లో పంపులు పెట్టి గాలి లాగేశాక కూడా మామూలుగా అంతకంటే ఎక్కువే మిగులుతాయి. అలాంటి చోట నౌక నెమ్మదించడమన్నది ఉండదు. దాక్కోవడం మాత్రం పూర్తిగా కల్పన కాదు. పక్కనే ఉన్న నౌకని నీహారిక కప్పలేదు గాని, కాంతి సంవత్సరాల మందాన దుమ్ము అడ్డుపడితే వెనకున్న నక్షత్రాలే కనబడకుండా పోతాయి. పరారుణ కాంతి పట్టే టెలిస్కోపు ఉన్నవాడు ఆ దుమ్ములోంచి చూడగలడు. పాలపుంత మొత్తాన్ని పటంగా పరిచే ఆటలో నీహారికకి ఈ పాత్ర ఇస్తే న్యాయంగా ఉంటుంది.

కృష్ణబిలం అన్నిటినీ లాగేస్తుందన్న భయానికి ఒక్క మాట చాలు. సూర్యుణ్ని 3 కిలోమీటర్ల వ్యాసార్ధానికి నొక్కేస్తే కృష్ణబిలమవుతాడు. అప్పుడు మనకి వెలుగు పోతుంది, కాని భూమి మాత్రం ఇప్పుడు తిరుగుతున్న దారిలోనే తిరుగుతుంది. దూరంగా ఉన్నవాడికి కృష్ణబిలం కూడా అంతే బరువున్న నక్షత్రంతో సమానం.

బొడ్డవర దాటాక

నౌకకి అసలైన నేలతీరు ఆకర్షణ శక్తే. అది కంటికి కనబడదు, ఫొటోకి అందదు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గం మనవాళ్లకి బాగా తెలుసు. కొత్తవలస నుంచి శృంగవరపుకోట, బొడ్డవర దాకా రైలు చదునులో పరిగెడుతుంది. శివలింగపురం నుంచి కొండెక్కుతూ త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు దాటి శిమిలిగుడ చేరేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకి వస్తుంది. చదునులో పది కిలోమీటర్లకయ్యే శ్రమ వేరు, ఘాట్‌లో పది కిలోమీటర్లకయ్యే శ్రమ వేరు. ఈ దారిలో ఇంజను కష్టమెంతో చెప్పడానికి కిలోమీటర్ల లెక్క చాలదు. ఎంత ఎత్తు ఎక్కాలో చెప్పాలి.

అంతరిక్షంలో ఈ తేడా కళ్లు తిరిగేంతగా పెరుగుతుంది. ప్రతి గ్రహం ఒక లోయ అడుగున ఉన్నట్టు. లోయ ఎక్కడానికి నౌక తన వేగాన్ని మార్చుకోవాలి. ఎంత వేగం మార్చుకోవాలన్నదే ఛార్జీ. దాన్ని వేగపు ఖర్చు అందాం. భూమి మీద నుంచి రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తులోని కక్ష్యకి చేరాలంటే గాలి రాపిడితో కలిపి సెకనుకి సుమారు 9.4 కిలోమీటర్ల వేగం ఖర్చవుతుంది. ఆ కక్ష్య నుంచి చంద్రుడి దారి పట్టడానికి ఇంకో 3.1. అదే కక్ష్య నుంచి కుజుడి దారి పట్టడానికి 3.6. చంద్రుడు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటే, కుజుడు బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా ఐదున్నర కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. దూరం నూటనలభై రెట్లు, దారి పట్టే ఖర్చులో తేడా అర కిలోమీటరు వేగం. శ్రమలో పెద్ద భాగం మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలోనే అయిపోయింది. ఈ ఒక్క సంగతి తెలిసినవాడు అంతరిక్ష పటాన్ని ఇక మామూలు కొలబద్దతో గీయలేడు.

ఈ ఖర్చు ఎలా చెల్లించాలో 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ చూపించింది. నవంబరు 5న పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు దాన్ని కక్ష్యలో పెట్టింది. నౌక బరువు 1,337 కిలోలు, అందులో 852 కిలోలు ఇంధనమే. కుజుడి దాకా ఒక్క ఊపులో విసిరే బలం ఆ రాకెట్టుకి లేదు. అందుకని నౌకని కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో తిప్పారు. ఒక కొస భూమికి 250 కిలోమీటర్ల దగ్గర, రెండో కొస 23,550 కిలోమీటర్ల దూరాన. నౌక భూమికి అతి దగ్గరగా వచ్చి అతి వేగంగా పోతున్నప్పుడే ఇంజను వెలిగించారు. అదే ఇంధనం, అదే తోపు. కాని ఆ క్షణంలో నౌక వేగంగా కదులుతోంది కాబట్టి తోపు ఎక్కువ దూరం పనిచేసి ఎక్కువ శక్తినిస్తుంది. ఇంజను వెలిగించిన ప్రతిసారీ దూరపు కొస 28,825కి, 40,186కి, 71,636కి జరిగింది. నాలుగోసారి లక్ష కిలోమీటర్లు అందుకోవాల్సింది 78,276 దగ్గర ఆగింది. మర్నాడు మళ్లీ వెలిగించి 1,18,642కి చేర్చారు. ఆ తరవాత 1,92,874. డిసెంబరు 1 అర్ధరాత్రి దాటాక ఇంజను సుమారు 22 నిమిషాలు మండింది, నౌక భూమి లోయలోంచి బయటపడింది. 2014 సెప్టెంబరు 24న కుజుడి కక్ష్యలోకి దిగింది. ఈ మెట్లను చూసినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంత అని చెప్పలేను. బలం చాలనివాడు నేలతీరు తెలుసుకుని గెలవడం ఏ వ్యూహపు ఆటలోనైనా గొప్ప ఎత్తే.

కంప్యూటరు ఆటల తొలి రోజుల్లోనే కొందరికి ఈ సంగతి తట్టింది. 1962లో అమెరికాలోని ఎంఐటీలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు పీడీపీ-1 కంప్యూటరు మీద స్పేస్‌వార్ అనే ఆట రాశారు. తెర మీద రెండు నౌకలు ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. మొదట తెరంతా ఖాళీయే. డాన్ ఎడ్వర్డ్స్ మధ్యలో ఒక నక్షత్రాన్ని, దాని ఆకర్షణని చేర్చాడు. దాంతో ఆట స్వరూపమే మారింది. నక్షత్రం వైపు పడుతూ వేగం పుంజుకుని, దాని పక్కనుంచి తిరిగొచ్చి శత్రువు మీద పడేవాడిది పైచేయి అయింది. పదిహేనేళ్ల తరవాత బయల్దేరిన వాయేజర్ 2 గురుడు, శని, యురేనస్‌ల పక్కనుంచి పోతూ ఇదే పద్ధతిలో ఊపు తీసుకుని 1989లో నెప్ట్యూన్ దగ్గరికి చేరింది. 1973 నాటి ట్రైప్లానెటరీ అనే బోర్డు ఆటలో గ్రహం చుట్టూ ఉన్న గడుల్లోకి అడుగుపెడితే నౌక దారి గ్రహం వైపు వంగుతుంది. రాకెట్ల ఇంజనీరు ఫిల్ ఎక్లండ్ 2010లో చేసిన హై ఫ్రాంటియర్ పటంలో గడికీ గడికీ మధ్య దూరమంటే వేగపు ఖర్చే. నేను చూసినంతలో అంతరిక్షానికి ఇంత నిజాయితీగా గీసిన ఆటపటం ఇంకొకటి లేదు.

మన పటంలో మొదటి గడి శ్రీహరికోటే కావాలి. ఆ గడికీ తనదైన నేలతీరు ఉంది. తూర్పున సముద్రం కాబట్టి భూమి తిరిగే దిక్కుకే రాకెట్టుని వదలొచ్చు, సెకనుకి 0.45 కిలోమీటర్ల వేగం ఉచితంగా వస్తుంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని పంపాలంటే దక్షిణానికి వెళ్లాలి, అటు శ్రీలంక ఉంది. జనం మీదుగా పోకూడదు కాబట్టి రాకెట్టు మధ్యదారిలో మలుపు తీసుకుంటుంది. ఆ మలుపుకి ఇంధనం ఖర్చు, ఆ మేరకు మోసే బరువు తగ్గుతుంది. తమిళనాడులోని కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రం కడుతున్నది ఈ మలుపు తప్పించడానికే.

కనుమ మీద కాపలా

రెండు లోయల మధ్య కనుమ ఉన్నట్టు, సూర్యుడి ఆకర్షణకీ భూమి ఆకర్షణకీ మధ్య కొన్ని సమతూక స్థానాలున్నాయి. 1772లో లగ్రాంజ్ వాటి లెక్క తేల్చాడు. భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నది ఎల్1. అక్కడున్న నౌక భూమితో పాటే ఏడాదికోసారి సూర్యుణ్ని చుట్టి వస్తుంది. కనుమ మీద నిలబడ్డ బండి ఏ పక్కకైనా దొర్లిపోగలదు, ఇక్కడా అంతే. కొద్దికొద్దిగా ఇంధనం వాడుతూ సర్దుకుంటూ ఉండాలి. మన ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి 2024 జనవరి 6న అక్కడికి చేరింది. భూమి ఎప్పుడూ అడ్డురాదు కాబట్టి సూర్యుణ్ని ఆగకుండా చూడొచ్చు. ఆటలో ఇది కోటబురుజు లాంటి గడి. దాన్ని పట్టుకున్నవాడికి తుఫాను కబురు అందరికంటే ముందు తెలుస్తుంది.

తుఫానులూ ముళ్లకంపలూ

ఆ తుఫాను ఏమిటో చెప్పాలి. సూర్యుడి నుంచి సెకనుకి 400 కిలోమీటర్ల చొప్పున సౌరపవనం ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది. అప్పుడప్పుడు సూర్యుడి మీద పేలుళ్లు జరిగి, విద్యుదావేశమున్న కణాల ముద్దలు ఎగిరొస్తాయి. పేలుడు వెలుగు మనకి 8 నిమిషాల్లో కనిపిస్తుంది, కణాలు చేరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఎల్1 దాటాక భూమికి చేరడానికి గంటో అరగంటో. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన తుఫాను రెండు దశాబ్దాల్లో అతి పెద్దది. ధ్రువాల దగ్గర కనిపించాల్సిన రంగుల వెలుగు లడఖ్‌లోని హాన్లేలో కూడా కనిపించింది. 2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 పోయాయి. సౌర తుఫానుకి భూమి పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది, తక్కువ ఎత్తులో ఉన్నవాటికి రాపిడి పెరిగి కిందికి లాగేసింది. నౌకని నెమ్మదింపజేసే ఊబి నిజంగా ఉందంటే ఇదే. మన నెత్తి మీద కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, సూర్యుడు కోపంగా ఉన్న రోజుల్లో ఇంకా లోతవుతుంది.

1958లో కనిపెట్టిన వాన్ అలెన్ పట్టీలది ఇంకో తీరు. భూమి అయస్కాంత బలానికి చిక్కిన కణాలు చుట్టూ ఉంగరాల్లా పరుచుకుని ఉంటాయి. గబగబా దాటిపోతే పెద్ద ప్రమాదం లేదు, అక్కడ మకాం పెడితే యంత్రాలూ మనుషులూ దెబ్బతింటారు. దక్షిణ అట్లాంటిక్ మీద లోపలి పట్టీ బాగా కిందికి దిగి ఉంటుంది. 2015 సెప్టెంబరు 28న వెళ్లిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహాన్ని భూమధ్యరేఖకి 6 డిగ్రీల వాలులోనే ఉంచడానికి ఒక ముఖ్య కారణం, ఆ చోటుని వీలైనంత తప్పించుకోవడం.

ఆటల్లో చూపించే రాళ్ల గుంపు కూడా నిజంగా ఒకచోట ఉంది. దాన్ని మనుషులే పోగేశారు. 2007 జనవరిలో చైనా తన పాత ఉపగ్రహాన్ని క్షిపణితో కొట్టినప్పుడు మూడు వేలకి పైగా పెద్ద ముక్కలు లెక్కకొచ్చాయి. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం, కాస్మోస్ ఉపగ్రహాలు సైబీరియా మీద ఢీకొని ఇంకో రెండు వేలు చేరాయి. ఈ రెండూ 800 కిలోమీటర్లకి అటూ ఇటూ జరిగినవి. అంత ఎత్తులో గాలి లేనట్టే కాబట్టి ముక్కలు దశాబ్దాల పాటు అక్కడే తిరుగుతుంటాయి. అంతరిక్ష యుద్ధం ఆడే పిల్లలకి నేను గట్టిగా చెప్పేది ఇదే. కక్ష్యలో ఒక నౌకని పేల్చిన గడి గెలిచినవాడికీ దక్కదు. ఆటలో ఆ గడిని అందరికీ మూసెయ్యాలి.

చార్టు పేపరు, చింతపిక్కలు

ఇప్పుడు పటం గీద్దాం. చార్టు పేపరు మధ్యలో సూర్యుడు, చుట్టూ భూమికీ కుజుడికీ రెండు వలయాలు. ఒక వంతు అంటే ఒక నెల. భూమి 12 వంతుల్లో, కుజుడు 23 వంతుల్లో చుట్టు పూర్తిచెయ్యాలి. ఇంధనానికి చింతపిక్కలు వాడండి, ఒక్కో పిక్క సెకనుకి అర కిలోమీటరు వేగం. శ్రీహరికోట నుంచి కక్ష్యకి 19 పిక్కలు. కక్ష్య నుంచి చంద్రుడి దారికి 6, కుజుడి దారికి 7. చంద్రుడి మీద గాలి లేదు, దిగేటప్పుడు ఇంధనం మండించే వేగం తగ్గించుకోవాలి, కాబట్టి అక్కడ ఇంకో ఐదారు. కుజుడి మీద పల్చగానైనా గాలి ఉంది, వేడికి తట్టుకునే కవచం, పారాచూటు చాలా పని చేసేస్తాయి, ఒకటీ రెండు పిక్కలు చాలు. కూడి చూడండి, చంద్రుడి నేలని తాకడం కుజుడి నేలని తాకడం కంటే ఖరీదు. పిల్లలు ఇక్కడ ఆగిపోయి మళ్లీ లెక్క వేస్తారు. వెయ్యనివ్వండి.

కుజుడి దారి ఎప్పుడూ తెరిచి ఉండదు. భూమి, కుజుడు తగిన కోణానికి వచ్చేది 26 నెలలకోసారి. మిగతా నెలల్లో వెళ్లాలనుకుంటే పిక్కలు రెండింతలు, మూడింతలు అడగండి. సౌర తుఫానుకి చీటీలు రాసి డబ్బాలో వెయ్యండి, ప్రతి వంతుకీ ఒకటి తియ్యండి. ఎల్1 గడి చేతిలో ఉన్నవాడు చీటీని ముందుగా చూసుకోవచ్చు. తుఫాను పడితే తక్కువ కక్ష్యలో ఉన్న నౌకలన్నీ ఒక్కో పిక్క వదులుకోవాలి, లేకపోతే కిందపడాలి.

కంప్యూటరు మీద చెయ్యగలవాళ్లు అక్కడే చెయ్యండి, లేనివాళ్లకి కాగితం చాలు. అంకెలు ముందు రాసుకోండి. నీహారికలు, రంగులు ఎంత అందంగా వేసుకున్నా ఆ తరవాతే. కుజుడికి దారి మళ్లీ 2026 చివర్లో తెరుచుకుంటుంది, మీ ఆటలో మొదటి వంతు అక్కడ పెట్టుకోండి.